శీర్షాసనం సరే, బీపీ మాత్ర ఎవరు ఆపమన్నారమ్మా?

ప్రశ్న: నా వయసు 54. బరంపురంలో ఉంటాం. మా పేట కల్యాణ మండపంలో మైసూరు నుంచి వచ్చిన ఇద్దరు గురువులు 21 రోజుల యోగా శిబిరం పెట్టారు. ముప్పై ఏళ్లుగా నేర్పుతున్నవాళ్లు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం గంటన్నర. పన్నెండు రోజుల్లో గోడ ఆసరాతో శీర్షాసనం దాకా వచ్చాను. నిద్ర బాగా పడుతోంది. విశాఖ డాక్టరుగారు రెండేళ్ల క్రితం రాసిన బీపీ మాత్ర నాలుగో రోజు నుంచి మానేశాను. మొన్న క్లాసు అయ్యాక మెడికల్ షాపులో చూపిస్తే 132/84 ఉంది. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు కాస్త తిమ్మిరెక్కుతున్నాయి. మా అమ్మకు కళ్లలో నీటికాసులు (గ్లాకోమా) ఉండేవి. మధ్యాహ్నం చద్దన్నం తినే అలవాటు. సాయంత్రం క్లాసుకు ముందు ఏం తినాలి, ఎంతసేపటి ముందు తినాలి?
- ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: తిండి సంగతి చివర్లో చెబుతానమ్మా. నాకు గుబులు పుట్టించింది మాత్ర మానేశానన్న ముక్క.

ఏ మాత్రో మీరు రాయలేదు. అది తెలియకుండా, మిమ్మల్ని చూడకుండా నేను చెప్పేదానికి హద్దులున్నాయి. చాలామంది వాడే అమ్లోడిపిన్ అయితే మానేసిన మర్నాడే బీపీ ఎగబాకదు. ఆ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. వారం దాకా ఎంతో కొంత పనిచేస్తూనే ఉంటుంది. ఆ రోజుల్లో చూపించుకుని 'యోగాతో తగ్గిపోయింది' అనుకునేవాళ్లు చాలామంది. పైగా మీరు చూపించింది క్లాసు అయ్యాక. ఒళ్లు వంచి, శవాసనం వేసి లేచిన తర్వాత కొన్ని గంటలు బీపీ దిగే ఉంటుంది. ఆ 132 మీ రోజంతటి బీపీ కాదు. ఒకవేళ అది ఎటెనొలాల్, మెటొప్రొలాల్ జాతి మాత్ర అయితే ఒక్కసారిగా మానడం ఇంకా ప్రమాదం. లోపల గుండె జబ్బు ఉన్నవాళ్లకు దడ, ఛాతీ నొప్పి, ఒక్కోసారి గుండెపోటు దాకా పోవచ్చు.

యోగాతో బీపీ తగ్గదనడం లేదు. క్రమం తప్పకుండా చేస్తే పై అంకె సగటున 5 అటూ ఇటూగా తగ్గొచ్చు. దాన్నిబట్టి మాత్ర మోతాదు తగ్గించడమూ ఉంటుంది. అయితే అది నెలల మీద అంకెలు చూసి డాక్టరు తేల్చాల్సిన విషయం, నాలుగు రోజుల్లో మీరు తేల్చుకునేది కాదు.

ఒడిశా సరిహద్దు దాటి నా దగ్గరకు వచ్చే బరంపురం, పర్లాకిమిడి వాళ్లలో ఇదే చూస్తుంటాను. మందు చీటీ విశాఖలో రాయించుకున్నది, ఏళ్ల నాటిది. మళ్లీ విశాఖ వెళ్లినప్పుడు అడుగుదాంలే అంటారు. ఈలోగా ఏది వేసుకోవాలో, ఏది మానాలో ఇంట్లోనే నిర్ణయం అయిపోతుంది. పక్షవాతంతో తీసుకొచ్చినప్పుడు 'మాత్ర ఎప్పుడు మానేశారు?' అని అడిగితే ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ పరిస్థితి మీ ఇంటికి రాకూడదు. బీపీ చూపించుకోవడానికి విశాఖ రైలెక్కక్కర్లేదు, ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రి మీ ఊళ్లోనే ఉంది. రేపే వెళ్లండి. మానినట్టే సొంతంగా మొదలుపెట్టడం, మానిన రోజులకు కలిపి రెండేసి వేసుకోవడం చేయకండి. తీవ్రమైన తలనొప్పి, ఛాతీలో బరువు, మూతి వంకర పోవడం, మాట తడబడటం ఉంటే రేపటి దాకా కూడా ఆగొద్దు.

బీపీ, కళ్లు చూపించుకునే వరకు శీర్షాసనం పూర్తిగా ఆపండి. ఆ భంగిమలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుందని కంటి డాక్టర్లు కొలిచి చూశారు. అమ్మకు నీటికాసులు ఉన్నప్పుడు మీకూ వచ్చే అవకాశం ఎక్కువ, కంటి పరీక్ష కాకుండా తలకిందులు కావద్దు. వేళ్ల తిమ్మిరి మోచేతి దగ్గర నరం నలగడం వల్ల కావచ్చు, మెడ ఎముకల్లోనూ కారణం ఉండొచ్చు. ఎడమ చెయ్యి, పైగా మాత్ర మానేసి ఉన్నారు కాబట్టి ఈసీజీ కూడా తీయించమనండి. వేగంగా చేసే కపాలభాతి, భస్త్రిక ప్రాణాయామాలు కూడా ప్రస్తుతానికి వద్దు.

గురువులు అనుభవజ్ఞులే, కాదనను. మోకాలు వంకరైతే వాళ్లు ఇట్టే పట్టేస్తారు. బీపీ, కంటి నరం మాత్రం ఎవరికీ పైకి కనిపించవు, మీరే చెప్పాలి. మీ ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. చెబితే వేరే దారి చూపిస్తారు. పుణెలో యోగా గురువు బి.కె.ఎస్. అయ్యంగార్ కుర్చీ, బెల్టు, చెక్క దిమ్మెలు ఆసరాగా ఇచ్చి జబ్బుపడ్డవాళ్ల చేత కూడా ఆసనాలు వేయించేవారు.

ఇక తిండి. కడుపునిండా తింటే మూడు నాలుగు గంటలు ఆగాలి. పండో, గుప్పెడు అటుకులో అయితే గంట చాలు. చద్దన్నం తినండి, పర్వాలేదు. అందులో వేసే ఉప్పు, పక్కన ఆవకాయ, మీ బరంపురం అప్పడాలు, వీటితోనే ఉప్పు రోజుకు 5 గ్రాముల హద్దు దాటిపోతుంది. వాటిని తగ్గించండి.

రేపు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు విశాఖ చీటీ, వాడి పారేయకుండా ఉంటే ఆ మాత్రల అట్ట వెంట తీసుకెళ్లండి.