పగిడికంటె వెనక చంద్రుణ్ణి అతికించే ముందు

మీ ప్రశ్న ఇదీ కదా: ఒడిశాలోని గుణుపురంలో మీ పెరటి చింతచెట్టు తొర్రలో పగిడికంటెల (స్పాటెడ్ ఔలెట్ అనే చిన్న గూబల) జంట ఉంది. మీ దగ్గర క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్ ఉన్న) కెమెరా బాడీ, 70-300 లెన్స్ ఉన్నాయి. చీకటి పడ్డాక తీస్తే ఒకటే నాయిస్ (ఫొటో నిండా గరుకు చుక్కలు) వస్తోంది, అందుకని ఎడిటింగ్‌లో వెనకాల పెద్ద చంద్రుణ్ణి పెట్టి క్రియేటివ్‌గా చేద్దామని ఉంది, ఎలా చేయాలి అని. నేను పర్లాకిమిడిలో ఉంటాను, మా దగ్గరా ఇవే పిట్టలు, ఇవే చింతచెట్లు, నా లెన్సూ మీ లెన్సు లాంటిదే, కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

చంద్రుడి సంగతి తర్వాత. ముందు, చీకటి పడ్డాక తీయడం మానేయండి. ఆ లెన్సుకి 300 దగ్గర ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, రాత్రి మీరేం చేసినా ఐఎస్ఓ (వెలుగుని కెమెరా పెంచి చూపించే కొలత) 12800 దాటుతుంది, అక్కణ్ణుంచి తీసిన ఫొటోని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. అయినా పగిడికంటె పూర్తిగా రాత్రి పిట్ట కాదండీ. పొద్దు వాలకముందే తొర్ర బయటికొచ్చి కూర్చుంటుంది, చలికాలం పొద్దున్నయితే తొర్ర అంచున కళ్లు సగం మూసి ఎండ కాగుతుంది. మార్గశిరం, పుష్యం నెలల్లో ఆరున్నర నుంచి ఎనిమిది లోపు, సాయంత్రమైతే పొద్దు గుంకడానికి ఓ ఇరవై నిమిషాల ముందు, ఈ రెండు వేళలు చాలు. మీకు ఫొటోలో రాత్రి కావాలి, అంతే కదా, ఆ రాత్రిని పొద్దుటి వెలుగులోంచే తయారు చేయొచ్చు, కాకపోతే తీసేటప్పుడే ఆ ఉద్దేశంతో తీయాలి.

అంటే ఎలా? మొదట దూరం. పగిడికంటె ఎత్తు సుమారు 21 సెంటీమీటర్లు. పది మీటర్ల దూరం నుంచి 300 దగ్గర తీస్తే మీ ఫ్రేమ్ ఎత్తులో ఐదింట రెండు వంతులు అదే ఉంటుంది. చుట్టూ తొర్ర, బెరడు, కాస్త నీడ. ఎడిటింగ్‌లో ఆడుకోవడానికి ఆ ఖాళీ కావాలి కూడా, అందుకని ఇంకా దగ్గరికి వెళ్లాల్సిన పనే లేదు. వెళ్తే అది తల పైకీ కిందికీ ఊపడం మొదలుపెడుతుంది, చూసే ఉంటారు, అందరూ ముద్దుగా ఉందని వీడియో తీస్తారు. దూరాన్ని అంచనా వేసుకోవడానికి అది అలా ఊపుతుంది, మిమ్మల్నే చూస్తూ ఊపుతోందంటే మీరు దానికి ఇబ్బందిగా ఉన్నట్టు. నాలుగడుగులు వెనక్కి వచ్చి కూర్చోండి.

గూబల కళ్లు మన కళ్లలా గుంతలో తిరగవు. మెడే తిరుగుతుంది, ఒక పక్కకి 270 డిగ్రీల దాకా, మెడలో 14 ఎముకలుంటాయి, మనకు ఏడే. ఫొటో తీసేవాడికి దీంతో వచ్చే చిక్కేమిటంటే, ముఖం పక్కకి ఉంటే ఇక కళ్లు మీ వైపు ఉండే ప్రశ్నే లేదు. చాలామంది అప్పుడు చప్పట్లు కొడతారు, ఈల వేస్తారు, ఫోన్లో గూబ కూత పెడతారు. అది చేయకండి. కూత వింటే వేరే జంట తన చోటులోకి వచ్చిందనుకుని కంగారు పడుతుంది. ఊరికే కూర్చుంటే ఏ ఉడతో అరుస్తుంది, ఏ గోరింకో గోల చేస్తుంది, తల అదే తిరుగుతుంది.

సెట్టింగ్స్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రా ఫైల్ (కెమెరా కుదించని అసలు ఫైలు), ఎఫ్ 5.6, షట్టర్ 1/320, ఐఎస్ఓ 800 నుంచి 1600, ఫోకస్ సింగిల్ పాయింట్‌లో దగ్గరి కన్ను మీద. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మాత్రం మైనస్ 0.7 పెట్టండి, ఎందుకంటే తొర్ర నల్లగా ఉండేసరికి కెమెరా అంతా ప్రకాశం పెంచేస్తుంది, కళ్ల మీది తెల్ల కనుబొమలు వివరం లేకుండా తెల్లగా కాలిపోతాయి, అవి పోతే ఆ ముఖంలో ఇక కోపం ఉండదు. పాత బంగళాల్లో ఉండే తెల్ల ముఖం గూబ, బార్న్ ఔల్, దొరికితే ఇంకొంచెం తగ్గించాలి. ట్రైపాడ్ లేకపోతే పిట్టగోడ మీద చిన్న బియ్యం సంచి వేసి దాని మీద లెన్స్ ఆనించండి. ఫ్లాష్, టార్చి వద్దు.

ఇంకోటి, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వీటికి గుడ్లు పెట్టే కాలం. ఒక పిట్ట లోపలే ఉండిపోయి రెండోది నోట ఏదో కరచుకుని పదే పదే తొర్రలోకి వెళ్తోందంటే కెమెరా లోపల పెట్టేసి ఇంట్లోకి వెళ్లిపోండి.

ఇక ఎడిటింగ్. ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొనక్కర్లేదు, అలాంటిదే డార్క్‌టేబుల్ ఉచితం, పేర్లు వేరు గానీ పనులు అవే. ముందు మొత్తం ఎక్స్‌పోజర్ (ప్రకాశం) ఒకటిన్నర స్టాపు దించండి, వైట్ బ్యాలెన్స్ 4000 కెల్విన్ దగ్గరికి నీలం వైపు జరపండి. పొద్దుటి ఎండ ఒక పక్క నుంచి పడి ఉంటుంది కాబట్టి చూడగానే వెన్నెలలా మారుతుంది. పట్టపగలు నడినెత్తి ఎండలో తీసింది ఇలా మారదు, అందుకే వేళ గురించి అంత చెప్పాను. తర్వాత తొర్ర లోపలికి మాస్క్ వేసి (అంటే మార్పు ఆ భాగానికే తగిలేలా ఎంచుకుని) పూర్తిగా నలుపు చేయండి. బెరడుకి కావాలంటే క్లారిటీ పెంచుకోండి, పిట్ట మీద మాత్రం వద్దు, ఈకల అంచున తెల్ల గీత వచ్చి కత్తిరించి అంటించినట్టు ఉంటుంది.

కళ్ల దగ్గర అందరూ అతి చేస్తారు. వాటి కళ్లు మామూలుగానే పసుపు, దాన్ని ఇంకా వెలిగిస్తే సీరియల్ బల్బుల్లా తయారవుతాయి. అసలు చేయాల్సింది వేరే. మీరు ఫొటో మొత్తాన్ని నీలం వైపు జరిపారు కదా, దాంతో ఆ పసుపు కాస్తా ఆకుపచ్చకి తిరుగుతుంది. కళ్లకి విడిగా మాస్క్ వేసి రంగులో వేడి (పసుపుదనం) మాత్రం తిరిగి పెంచండి, ప్రకాశం జోలికి పోకండి. కంటి పసుపు చుట్టూ ఉండే సన్నటి నల్ల అంచు చెదరకుండా ఉందో లేదో నూరు శాతం జూమ్‌లో చూసుకోండి. అది ఉంటే కన్ను బతికి ఉంటుంది.

నాయిస్ తగ్గించే స్లైడరు వెనక భాగానికి ఎంతైనా లాగండి. పిట్టకి వచ్చేసరికి నెత్తి మీద చూడండి, సన్నటి తెల్ల చుక్కలుంటాయి. స్లైడరు ఎక్కువైతే ముందు మాయమయ్యేవి అవే. ఒకాయన ఇలా నున్నగా చేసిన ఫొటో పెడితే కింద జనం ఇది ఫారెస్ట్ ఔలెట్ (చాలా అరుదైన ఇంకో చిన్న గూబ) అని హడావుడి చేశారు. ఆ పిట్టకి నెత్తి మీద చుక్కలు దాదాపు కనబడవు, తేడా చెప్పే గుర్తుల్లో అదొకటి. వందేళ్లకు పైగా ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్నాక 1997 నవంబరులో మహారాష్ట్రలో షహాదా దగ్గర మళ్లీ కనిపించిన పిట్ట అది. ఒక స్లైడరుతో దాన్ని గుణుపురం తెచ్చేయకండి.

ఇప్పుడు చంద్రుడు. ఆకాశంలో చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. మీ 21 సెంటీమీటర్ల పిట్ట చంద్రుడంత కనిపించాలంటే మీరు దానికి సుమారు 24 మీటర్ల దూరంలో ఉండాలి. చంద్రుడు పిట్టకి మూడింతలు కనిపించాలంటే 70 మీటర్లు దాటాలి. అంత దూరం నుంచి మీ లెన్సుతో తీస్తే ఈకలు కాదు కదా, అది గూబో కొమ్మ మొద్దో చెప్పడం కష్టం. మీరేమో పది మీటర్ల నుంచి తీసిన, ఒక్కో ఈకా లెక్కపెట్టగలిగే పిట్ట వెనక అంతకు మూడింతల చంద్రుణ్ణి పెడతానంటున్నారు. లెక్క తెలియనివాళ్లకి కూడా ఏదో తేడాగా ఉందని కంటికి తెలిసిపోతుంది. పైగా వెన్నెల వెనక నుంచి వస్తుంటే ముఖం మీద వెలుగెక్కణ్ణుంచి వచ్చింది? చంద్రుడే కావాలంటే పిట్టని నల్లటి నీడగా మార్చేయండి, అప్పుడు కనీసం వెలుగు అబద్ధం చెప్పదు.

నా మట్టుకు నాకు ఇంతకంటే మన ఊళ్లలోనే మంచి సరుకుంది. మార్గశిర లక్ష్మీవారాల్లో మన ఒడియా వాళ్ల ఇళ్ల ముందు, గోడల మీద బియ్యప్పిండి నీళ్లతో ఝోటి అనే ముగ్గు వేస్తారు కదా, లక్ష్మీదేవి పాదాలు, వరి కంకులు. మా పక్కింటి మౌసీ ఎర్రమట్టి అలికిన గోడ మీద వేళ్లతోనే వేస్తుంది. ఆవిడని అడిగి, మబ్బు పట్టిన వేళ గోడకి ఎదురుగా నిలబడి ఆ ముగ్గుని ఫొటో తీశాను. దాన్ని నలుపు తెలుపు చేసి, కర్వ్స్‌లో (వెలుగు నీడల్ని సర్దే చోట) గోడ ఎరుపు ఉన్న భాగమంతా నలుపులోకి తొక్కేసి, గూబ ఫొటో మీద లేయరుగా వేసి బ్లెండ్ మోడ్ స్క్రీన్ పెట్టాను. స్క్రీన్‌లో నల్లనిదంతా మాయమై తెల్ల గీతలే మిగులుతాయి. డార్క్‌టేబుల్‌లో లేయర్లు ఉండవు, ఈ పనికి గింప్ వాడండి, అదీ ఉచితమే. పిట్ట మీద పడ్డ గీతలు మాస్క్‌తో తుడిచేసి, చుట్టూ చీకట్లో మాత్రం ముప్పై శాతం కనిపించేలా ఉంచాను. తొర్ర చుట్టూ వరి కంకులు చీకట్లోంచి లీలగా తేలుతున్నట్టు వచ్చింది. పిండి నీళ్లు కారి గోడ మీద ఎండిన చారలు కూడా అలాగే వదిలేశాను, అవి తీసేస్తే కంప్యూటర్లో గీసిన బొమ్మ అయిపోతుంది.

మౌసీకి అది తెగ నచ్చేసింది, గూబ వాళ్లకి లక్ష్మి వాహనం కదా, "నాకో పెద్దది తీయించి ఇయ్యి బాబూ, దేవుడి గదిలో పెట్టుకుంటా" అంది. మా అమ్మ మాత్రం "గూబ బొమ్మ ఇంట్లో తగిలిస్తావా, మతిపోయిందా నీకు" అని నా కాపీ బీరువా పైకి చేర్చింది. మధ్యలో ఉన్నది ఒక్కటే పిట్టగోడ.

ఇలాంటివి ఎక్కడ పెట్టినా రెండు ఫొటోలు కలిపి చేసిందని కింద రాయండి. పోటీలకి పంపే ఉద్దేశం ఉంటే ముందే నిబంధనలు చూసుకోండి, చాలాచోట్ల రా ఫైల్ అడుగుతారు, గూడు దగ్గర తీసినవి తీసుకోనివాళ్లూ ఉన్నారు.

చివరిగా, ప్రశ్నలో మీరు వీధి పేరు, పక్కనున్న గుడి పేరు రాసేశారు, వెంటనే తీసేయండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గూబల్ని పట్టడం, అమ్మడం నేరమే అయినా దీపావళి ముందు పూజలకీ క్షుద్రానికీ వాటిని పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి మీ ప్రశ్నే దారి చూపిస్తుంది. కెమెరాలో జీపీఎస్ ఉంటే ఆపేయండి, లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు లొకేషన్ తీసేసే టిక్కు ఉంటుంది, అదీ పెట్టండి. ఆ పని అయ్యాక పొద్దున తీసిన రా ఫైల్ ఒకటి పంపండి, తొర్ర మాస్క్ ఎలా వేయాలో దాని మీదే చేసి చూపిస్తాను.