టెక్ సందేహాలు: అటక కింద ప్రొజెక్టర్

సందేహం: మాది విశాఖ ఎంవీపీ కాలనీలో డబుల్ బెడ్‌రూం ఫ్లాటు. ఒక గది 11 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉంటుంది. మధ్యలో ఫ్యాను, వెనక గోడకి అటక ఉన్నాయి. అందులో హోం థియేటర్ పెట్టాలని ఉంది. వంద అంగుళాల బొమ్మ, 4కే స్పష్టత, 3,000 ల్యూమెన్ల వెలుతురు ఉన్నది చూసుకోమని షాపులో చెప్పారు. ఏది కొనమంటారు?

జవాబు: మోడల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు టేపు తీయండి. షాపులో చెప్పిన మూడింట్లో ఏదీ మీ గదికి తప్పనిసరి కాదు.

బొమ్మ సైజు కూర్చునే చోటును బట్టి ఉండాలి. దివాన్ వెనక గోడకి ఆనించి వేస్తే మీ తల తెర నుంచి దాదాపు 9 అడుగుల దూరంలో, అంటే 108 అంగుళాల్లో ఉంటుంది. సినిమా హాల్లో మధ్య వరసలో కూర్చున్నట్టు ఉండాలంటే ఆ దూరాన్ని 1.2తో భాగించాలి. 90 అంగుళాలు వస్తుంది. అంతకు మించితే సబ్‌టైటిల్ చదవడానికీ, స్కోరు చూడడానికీ మెడ తిప్పుతూ కూర్చోవాలి. నేనైతే 80 దగ్గర ఆగమంటాను. మూల నుంచి మూలకి 80 అంగుళాల బొమ్మ అంటే 70 అంగుళాల వెడల్పు, 39 అంగుళాల ఎత్తు. ఆ కొలతకి గోడ మీద పాత పేపర్లు టేపుతో అంటించి, రెండు రోజులు వాటి ఎదురుగా కూర్చుని చూడండి. చిన్నదో పెద్దదో మీకే తెలుస్తుంది.

ఇక త్రో రేషియో. లెన్సు నుంచి తెరకి ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె ఇది. ప్రొజెక్టర్‌ని అటక అంచు కింద తగిలిస్తే లెన్సు తెరకి సుమారు 108 అంగుళాల దూరంలో ఉంటుంది. 108ని 70తో భాగిస్తే 1.54. కాబట్టి మీరు కొనేదాని త్రో రేషియో పరిధిలో 1.5 దగ్గరి అంకె ఉండాలి. 1.2 నుంచి 1.56 దాకా ఆప్టికల్ జూమ్ (లెన్సుతోనే బొమ్మ సైజు మార్చేది) ఉన్నదైతే హాయి.

ఇప్పుడు బాగా అమ్ముడయ్యే చిన్న స్మార్ట్ ప్రొజెక్టర్లలో చాలావాటికి జూమ్ లేదు. వాటి రేషియో 1.2 దగ్గర స్థిరంగా ఉంటుంది. అలాంటిదాన్ని అటక కింద పెడితే బొమ్మ 103 అంగుళాలకి పోతుంది. రిమోట్‌తో తగ్గించవచ్చు కదా అంటారు. అది డిజిటల్ జూమ్, పిక్సెల్స్ కోసేసి చిన్నది చేస్తుంది. నిజంగా 80కి తేవాలంటే ప్రొజెక్టర్‌ని తెరకి 84 అంగుళాల దగ్గరికి జరపాలి. మీ ఫ్యాను గది మధ్యలో, అంటే గోడకి 66 అంగుళాల్లో ఉంది. 48 అంగుళాల ఫ్యాను రెక్కలు 42 నుంచి 90 అంగుళాల దాకా తిరుగుతాయి. 84 సరిగ్గా రెక్కల కిందకి వస్తుంది. అక్కడ సీలింగుకి బిగించడం కుదరదు. ఇక గది నడుమ స్టూలు వేసి దాని మీద పెట్టుకోవాలి, పిల్లలు రాత్రికి రెండుసార్లు తీగ తన్నుకుంటారు.

అందుకే అటక మీకు కలిసొచ్చింది. దాని అడుగు 7 అడుగుల ఎత్తులో ఉంటే, ప్రొజెక్టర్‌ని తలకిందులుగా బిగించాక లెన్సు ఆరున్నర అడుగుల దగ్గరికి వస్తుంది. మెనూలో సీలింగ్ మోడ్ పెడితే బొమ్మ నిటారుగా పడుతుంది. డీఎల్‌పీ (చిన్న అద్దాల చిప్‌తో బొమ్మ వేసే) ప్రొజెక్టర్లలో ఎక్కువ వాటికి బొమ్మ పై అంచు లెన్సుకి కొంచెం కిందనే మొదలవుతుంది, కాబట్టి వెలుగు ఎక్కడా ఫ్యాను రెక్కల్ని తాకదు. అటక శ్లాబు సన్నగా ఉంటుంది గనక పొడవైన బోల్టులు దింపనివ్వకండి. అటక లోపల పెట్టి తలుపు వేయడం మాత్రం వద్దు. వేడి గాలి బయటికి పోయే వైపు ఒక అడుగు ఖాళీ ఉండాలి. ఇంకో సంగతి, ప్రొజెక్టర్ మీ నెత్తి మీదే ఉంటుంది. దాని లోపలి ఫ్యాన్ చప్పుడు, వెలుతురు తగ్గించి నడిపే ఎకో మోడ్‌లో, 30 డెసిబెల్స్ లోపున్నది చూసుకోండి.

వెలుతురు లెక్క చూద్దాం. 80 అంగుళాల బొమ్మ వైశాల్యం 19 చదరపు అడుగులు. డిజిటల్ సినిమా హాలు తెరకి పెట్టుకున్న ప్రమాణం 14 ఫుట్‌లాంబర్టులు. మామూలు మ్యాట్ తెర మీద చదరపు అడుగుకి 14 ల్యూమెన్లు పడాలన్నమాట. పందొమ్మిది పద్నాలుగుల 266. సినిమా మోడ్‌లోకి మారితే, ల్యాంపు పాతబడితే వెలుతురు తగ్గుతుంది గనక దానికి మూడింతలు వేసుకున్నా 800 ఆన్సీ ల్యూమెన్లు (ప్రామాణిక పద్ధతిలో కొలిచినవి) చాలు. ట్యూబులైటు వేసి మ్యాచ్ చూస్తామంటే రెండు వేల దాకా వెళ్లండి. చీకటి గదిలో 3,000 ల్యూమెన్లు కళ్లు మండడానికి తప్ప ఎందుకూ పనికిరావు. 'ఆన్సీ' లేదా 'ఐఎస్ఓ' అన్న మాట లేకుండా పెట్టె మీద ఉత్త 'ల్యూమెన్లు' అని వేసిన అంకెని మాత్రం పట్టించుకోవద్దు.

చిన్న గదిలో బొమ్మని చెడగొట్టేది తెల్ల గోడలు. తెర మీద పడ్డ వెలుగు పక్క గోడలకీ సీలింగుకీ తగిలి మళ్లీ తెర మీదికే వస్తుంది. రాత్రి సీన్లలో నలుపు బూడిద రంగులో కనిపించేది అందుకే. కాంట్రాస్ట్ (తెలుపు, నలుపుల తేడా) లక్షకి ఒకటి అని రాసిన ప్రొజెక్టర్ కూడా ఆ గదిలో ఏమీ చేయలేదు. తెరకి ఇరుపక్కలా మూడేసి అడుగుల మేర ముదురు రంగు కర్టెన్లు వేయండి. ఆ ఖర్చుకి వచ్చే తేడా ముందు, పైమోడల్‌కి అదనంగా పోసిన డబ్బు దండగే.

4కే గురించి ఒక్కమాట. 9 అడుగుల నుంచి 80 అంగుళాల బొమ్మలో అసలైన 1080పీ పిక్సెల్స్‌ని కన్ను విడదీసి చూడడం కష్టం. 'సపోర్ట్స్ 4కే' అంటే 4కే వీడియోని లోపలికి తీసుకుంటుందనే, అలా చూపిస్తుందని కాదు. 'నేటివ్ రిజల్యూషన్', అంటే ప్రొజెక్టర్ సొంత పిక్సెల్స్ లెక్క, 1920×1080 అని రాసుందో లేదో చూడండి.

తెరకి 6×4 అడుగుల మ్యాట్ వైట్ సరిపోతుంది. దాదాపు 83 అంగుళాల బొమ్మ పడి, పైనా కిందా కలిపి ఏడున్నర అంగుళాలు మిగులుతుంది. పైనుంచి లాగే తెర ఫ్యాను గాలికి ఊగుతుంది, ఫ్రేముకి బిగించినది మేలు. గోడ మీదే చూస్తామంటే పుట్టీ నున్నగా రుద్దించి మ్యాట్ ఎమల్షన్ రెండు కోట్లు వేయించండి. మెరిసే పెయింటు వేస్తే నడుమ వెలుగు మచ్చ కనిపిస్తుంది. గోడ కిందనే పెట్టే అల్ట్రా షార్ట్ త్రో రకం మీకు వద్దు. వెలుగు గోడని ఏటవాలుగా రాసుకుంటూ పోతుంది గనక గోడలో వెంట్రుకవాసి వంపున్నా గీతలు వంకర పోతాయి, దాని ప్రత్యేక తెర ఖరీదు వేరే.

ద్వారకానగర్ షోరూముల్లో డీఎల్‌పీ డెమో చూసేటప్పుడు సినిమా చివర పేర్లు పడే చోటు వేయమనండి. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలు వస్తుండగా చూపుని పక్కకి చటుక్కున తిప్పండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చారలు కనిపిస్తే మీ కళ్లకి డీఎల్‌పీ పడదు, మూడు రంగుల్నీ ఒకేసారి వేసే 3ఎల్‌సీడీ రకం తీసుకోండి. ఇంట్లో అందరినీ తీసుకెళ్లండి, కొందరికే కనిపిస్తుంది.

సందేహం: గాజువాక నుంచి రాస్తున్నా. పదివేల ఎల్‌ఈడీ ప్రొజెక్టర్ కొని ఆరు నెలలైంది. బొమ్మలో మసక మచ్చలు వచ్చాయి. పైన స్పష్టంగా ఉంటే కింద అలుక్కుపోతోంది.

జవాబు: ఇవి రెండు వేరువేరు జబ్బులు. మచ్చలు లోపల బొమ్మ తయారయ్యే ఎల్‌సీడీ ప్యానెల్ మీద చేరిన దుమ్ము. ఫోకస్ చక్రం తిప్పి చూడండి. బొమ్మ మసకబారుతున్నప్పుడు మచ్చ స్పష్టమైతే అది దుమ్మే. లెన్సు మీద దుమ్ముంటే మచ్చగా కనిపించదు, బొమ్మంతా వెలిసిపోయినట్టుంటుంది. ఈ ధరలో చాలావాటికి గాలి ప్యానెల్ పక్కనుంచే పోతుంది, మన ఊరి దుమ్ముకి ఆరు నెలలు ఎక్కువే. వారంటీ ఉంటే ఇచ్చేయండి, లేకపోతే విప్పి బ్లోయర్‌తో ఊదించాలి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. ఈసారి కొంటే సీల్డ్ ఆప్టికల్ ఇంజన్ (దుమ్ము చొరబడకుండా మూసిన లోపలి భాగం) ఉన్నదే కొనండి.

ఇక అలుక్కుపోవడం ప్రొజెక్టర్‌ని వంచి పెట్టడం వల్ల. కీస్టోన్ అనే సెట్టింగు బొమ్మ మూలల్ని సరిచేస్తుంది గానీ ఫోకస్‌ని సరిచేయదు. కీస్టోన్ సున్నా చేసి, లెన్సు గోడకేసి సూటిగా చూసేలా ఎత్తు మార్చండి.

సందేహం: లాసన్స్ బే కాలనీలో ఉంటాం. సముద్రపు గాలికి లెన్సు మసకబారుతోంది.

జవాబు: అది ఉప్పు పొర. గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, లెన్సు ద్రవం రెండు చుక్కలు టిష్యూ మీద వేసి మధ్య నుంచి అంచుకి తుడవండి. కిటికీ అద్దాలకి కొట్టే స్ప్రే వాడితే లెన్సు కోటింగ్ పోతుంది. వానాకాలంలో వారానికి అరగంటైనా ఆన్ చేసి ఉంచండి, తేమకి బూజు పట్టదు. వాడాక పూర్తిగా చల్లారనిచ్చి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో పెట్టండి.

సందేహం: ప్రొజెక్టర్‌లో నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోవడం లేదు. ఫోన్ నుంచి మిర్రర్ చేస్తే మాట వస్తోంది గానీ తెర నల్లగా ఉంటోంది. బ్లూటూత్ స్పీకర్‌లో మాట ఆలస్యం.

జవాబు: ప్రొజెక్టర్‌కి నెట్‌ఫ్లిక్స్ అనుమతి లేనట్టుంది, నల్లతెర కాపీ రక్షణ వల్ల. సెట్టింగుల్లో వెతకొద్దు, ఒక స్ట్రీమింగ్ స్టిక్ (నెట్‌ఫ్లిక్స్ లాంటివి నడిపే చిన్న పరికరం) కొని హెచ్‌డీఎంఐకి పెట్టండి. దానికి కరెంటు ప్రొజెక్టర్ యూఎస్‌బీ నుంచి ఇవ్వకండి. ఆ పోర్టు చాలక స్టిక్ నడుమ నడుమ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది, దాని అడాప్టర్‌కే పెట్టండి. స్పీకర్‌ని ఆడియో తీగతో కలిపితే ఆలస్యం పోతుంది.