సమాధానం: ఏజెన్సీని మార్చే ముందు హాజరు లెక్కను ఒక దారికి తెండి

నమస్కారమండి. మూడు యూనిట్ల జీతాల లెక్కను బయటి ఏజెన్సీకి అప్పగించాక ప్రతి నెలా తప్పులు వస్తున్నాయని, ఏజెన్సీని మార్చాలా అని అడిగారు. ఇప్పుడే వద్దు. మీరు రాసినదాన్ని బట్టి హాజరు వివరాలుగా ఒక యూనిట్ బయోమెట్రిక్ ఫైలు, ఇంకొకటి ఎక్సెల్ షీటు, మూడోది వాట్సాప్‌లో రిజిస్టరు ఫోటో పంపుతున్నాయి. ఓవర్‌టైమును ఒకరు గంటల్లో, మరొకరు రోజుల్లో రాస్తున్నారు. ఏ ఏజెన్సీ వచ్చినా ఊహించి లెక్క కట్టాల్సిందే.

ముందు ఒకే నమూనా పెట్టండి: ఉద్యోగి సంఖ్య, పని రోజులు, సెలవులు, ఓవర్‌టైము గంటలు, చేరినవారు, మానేసినవారు. 25వ తేదీకి హాజరు మూసేయండి. తర్వాతి మార్పులు వచ్చే నెలలోకే. జీతాలు బ్యాంకుకు వెళ్లే ముందు గత నెలతో పోల్చి, పెద్ద తేడాలను మీ మనిషే చూడాలి. ఈ తనిఖీని మాత్రం ఏజెన్సీకి వదలకండి.

నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ఏజెన్సీ మీ తరఫున కట్టే చలానాల సంగతి. జీతాలపై టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) మామూలుగా తర్వాతి నెల 7లోపు, పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) 15లోపు కట్టాలి. ఆలస్యమైతే నోటీసు వచ్చేది యజమానిగా మీకే. కట్టేశామన్న మెయిలు చాలదు, ప్రతి నెలా రసీదు తెప్పించుకోండి. ఉద్యోగుల ఆధార్, బ్యాంకు వివరాల సంగతీ అంతే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ బాధ్యతను పని అప్పగించిన సంస్థ మీదే పెట్టింది. వాటిని వాట్సాప్‌లో పంపడం ఈరోజే ఆపించండి.

రెండు మూడు నెలలు ఇలా నడిపినా తప్పులు ఆగకపోతే అప్పుడు మార్చండి. పాత లెక్కలన్నీ ఏ రూపంలో, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో ఇప్పుడే ఒప్పందంలో రాయించుకోండి.