టెక్ సందేహాలు: ఆడియోఫైల్స్ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

ప్రశ్న: నా దగ్గర మధ్యరకం బెల్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ (మోటారు రబ్బరు బెల్ట్‌తో పళ్లేన్ని తిప్పే రికార్డు ప్లేయర్) ఉంది. హై ఎండ్ మోడల్ కొన్న ఆడియోఫైల్స్, అంటే శబ్ద నాణ్యత మీద మోజున్న శ్రోతలు, అందరూ దాదాపు ఒకే మాట చెబుతున్నారు. 'పాట వెనక నిశ్శబ్దం చిక్కగా ఉంది', 'బేస్ బిగుతుగా వచ్చింది', 'గాయని ముందున్న తెర తీసేసినట్టుంది' అంటున్నారు. పళ్లెం తిరగడమే కదా, నిజంగా అంత తేడా వస్తుందా? లేక పెట్టిన డబ్బును సమర్థించుకోవడమేనా?

జవాబు: తేడా వస్తుంది. వాళ్లు విన్నామని చెప్పే తేడా చాలాసార్లు నిజమే. దానికి చెప్పే కారణమే చాలాసార్లు సరిపోదు. ఈ రెండిటినీ విడదీసి చూస్తే వాళ్ల అభిప్రాయాలు మీకు బాగా పనికొస్తాయి.

ముందు ఆ చిక్కటి నిశ్శబ్దం సంగతి చూద్దాం. ఎల్పీ మీద గాడి వెడల్పు ఇంచుమించు తల వెంట్రుక మందమంత. సన్నటి శబ్దాలకు అందులో ముల్లు కదిలేది మైక్రాన్‌లో కొంత భాగమే. మోటారు వణుకు, బేరింగ్ రాపిడి, నేల మీద అడుగుల అదురు, ఏది ముల్లు దాకా చేరినా అది పాటలో కలిసిపోతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే బేస్‌కి గాడి మరీ వెడల్పుగా ఊగి పక్క గాడిని తాకుతుంది. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ కర్వ్ అనే ప్రమాణం ప్రకారం, ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే ఫోనో ప్రీఆంప్ ఆ తగ్గించిన బేస్‌ని మళ్లీ పెంచుతుంది. 1,000 హెర్ట్జ్‌తో పోలిస్తే 20 హెర్ట్జ్ దగ్గర ఈ పెంపు 9 రెట్లకు పైనే. పాటలోని బేస్‌తో పాటు మోటారు వణుకూ అంతే పెరుగుతుంది. బరువైన ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం), నున్నటి బేరింగ్, వణుకును ఆపే అడుగుభాగం ఉన్న మెషీన్ మీద ఈ గొడవంతా తగ్గుతుంది. కాబట్టి ఈ మెచ్చుకోలు టర్న్‌టేబుల్‌కి నిజంగానే చెందుతుంది. మీ మెషీన్‌ని మీరే పరీక్షించుకోండి. పాట మొదలయ్యే ముందు ఖాళీ గాడిని హెడ్‌ఫోన్స్‌లో వినండి. చిటపటలు రికార్డువి. అడుగున గుర్రుమని సాగే శబ్దం వస్తే అది ఎక్కువగా మెషీన్‌ది.

బేస్ బిగుతు దగ్గరకొస్తే లెక్క మారుతుంది. అందులో వేగం నిలకడకు వాటా ఉంది, కానీ ముల్లును మోసే టోన్ఆర్మ్ బరువుకు, ముల్లు కదలికను సిగ్నల్‌గా మార్చే కాట్రిడ్జ్‌లోని స్ప్రింగు గుణానికి పొత్తు కుదరడం అంతకంటే ముఖ్యం. ఆ రెండూ కలిసి సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ 8 నుంచి 12 హెర్ట్జ్ మధ్య ఉండాలి. అంతకన్నా బాగా కిందికి దిగితే కాస్త వంగిన రికార్డు పెట్టినా స్పీకర్లలో బేస్ పలికించే ఊఫర్ కోన్‌లు ఊగిపోతాయి. ఇక 'తెర తీసేసినట్టు' అన్నది నా అనుభవంలో చాలావరకు కాట్రిడ్జ్ పని, దాన్ని సరిగ్గా బిగించిన చేతి పని. కొత్త టర్న్‌టేబుల్ కొన్నవాళ్లు సాధారణంగా ఆర్మ్, కాట్రిడ్జ్ కూడా మారుస్తారు, అనుభవమున్న వాళ్లతో సెటప్ చేయిస్తారు. నాలుగు మార్పులు ఒకేసారి జరిగితే పేరు మాత్రం పళ్లేనికి పోతుంది.

ఒకసారి మేం నలుగురం రెండు టర్న్‌టేబుల్స్ పక్కపక్కన పెట్టి విన్నాం. ఖరీదైనదే గొప్పగా ఉందని అందరం ఒప్పుకున్నాం. తర్వాత కొలిస్తే దాని కాట్రిడ్జ్ నుంచి సిగ్నల్ కాస్త ఎక్కువగా వస్తోంది, అంటే వాల్యూమ్ ఎక్కువ. ఒక డెసిబెల్ కూడా లేని తేడాని చెవి 'శబ్దం పెరిగింది' అని గుర్తుపట్టదు, 'బాగుంది' అనుకుంటుంది. వాల్యూమ్ సమం చేశాక తేడా సగానికి పైగా పోయింది. మొత్తం పోలేదు. పియానో స్వరం సాగి సాగి ఆగేచోట ఖరీదైన మెషీన్ కదలకుండా నిలబడింది. ఆ మిగిలిన తేడాకే డబ్బు పెట్టాలా అన్నది ఆలోచించండి.

నా సలహా: ముందు మీ టర్న్‌టేబుల్‌ని లెవల్ చేయండి. ముల్లు రికార్డు మీద మోపే బరువును చిన్న డిజిటల్ స్కేల్‌తో చూసి కాట్రిడ్జ్ కంపెనీ చెప్పినంత పెట్టండి. ప్రొట్రాక్టర్ అనే గీతల పలకతో అలైన్‌మెంట్, అంటే గాడిలో కాట్రిడ్జ్ కూర్చునే కోణం, సరిచేయండి. తర్వాత మంచి కాట్రిడ్జ్ వేసి ఒక నెల వినండి. అప్పటికీ ఆ గుర్రు, వేగం తేడా వినిపిస్తే టర్న్‌టేబుల్ మార్చండి.

ప్రశ్న: మాస్టర్‌లో, అంటే ఎల్పీ కోయడానికి వాడే మూల రికార్డింగ్‌లో, డిజిటల్ ఉంటే ఆ ఎల్పీకి మంచి టర్న్‌టేబుల్ దండగ అంటారు. నిజమేనా?

జవాబు: కాదు. మొబైల్ ఫిడిలిటీ అనే అమెరికన్ సంస్థ రికార్డులు పూర్తి అనలాగ్ అని నమ్మి చాలామంది ఆడియోఫైల్స్ ఏళ్ల తరబడి మెచ్చుకున్నారు. వాటిలో చాలావాటికి మధ్యలో డీఎస్‌డీ అనే డిజిటల్ దశ ఉందని 2022లో బయటపడింది. విషయం దాచారన్న కోపం న్యాయమైనదే, అది కోర్టుల దాకా వెళ్లింది. కానీ ఆ రికార్డులు బాగున్నాయని అంతకుముందు చెప్పిన చెవులు తప్పు చెప్పలేదు, అవి నిజంగానే బాగున్నాయి. 'అనలాగ్ కాబట్టి' అన్న కారణమే నిలబడలేదు.

ప్రశ్న: మోటారే నేరుగా పళ్లేన్ని తిప్పే డైరెక్ట్ డ్రైవ్ డీజేలకే, పాట వినడానికి బెల్ట్ డ్రైవే కొనాలంటున్నారు.

జవాబు: ఇది పాతబడిన మాట. బెల్ట్‌లోని రబ్బరు మోటారు వణుకును పీల్చుకుంటుంది, కానీ కాలం గడిచేకొద్దీ సాగుతుంది. డైరెక్ట్ డ్రైవ్‌లో వేగం గట్టిగా నిలబడుతుంది, కానీ మోటారు ప్లాటర్ కిందే ఉంటుంది. 1972లో వచ్చిన డైరెక్ట్ డ్రైవ్ మోడల్ టెక్నిక్స్ ఎస్ఎల్-1200 తయారీ 2010లో ఆగి, 2016లో కొత్త మోటారుతో తిరిగి వచ్చాక హై ఎండ్ శ్రోతలు కూడా దాన్ని కొంటున్నారు. రకాన్ని కాదు, తయారీని చూడండి.

ప్రశ్న: మంచి టర్న్‌టేబుల్ కొన్నా ఒక రికార్డులో మాత్రం వయొలిన్ సాగదీసినప్పుడు శ్రుతి ఊగుతోంది. మెషీన్ లోపమా?

జవాబు: ఒక్క రికార్డులోనే అయితే కాదు. 33⅓ వేగంలో ఒక చుట్టుకు 1.8 సెకన్లు పడుతుంది. ఊగడం కూడా అదే లయలో ఉంటే రికార్డు మధ్య రంధ్రం పక్కకు పడిందన్నమాట. ఆర్మ్‌ని పైనుంచి చూడండి, కుడి ఎడమలకు ఊగుతుంటుంది. రంధ్రం అర మిల్లీమీటరు జరిగినా చాలు, మధ్య గాడుల్లో శ్రుతి అర శాతం దాకా పైకీ కిందికీ పోతుంది. ఎంత ఖరీదైన మామూలు టర్న్‌టేబుల్ కూడా దీన్ని సరిచేయలేదు. 1980ల మొదట్లో నకమిచి టీఎక్స్-1000 మాత్రం రికార్డు కేంద్రాన్ని తనే వెతికి జరిపేది. ఇంజనీర్లు ఈ బాధను అంత గట్టిగా పట్టించుకోవడం నాకెంతో ఇష్టం. మీరు మాత్రం ఆ రికార్డు మార్పించుకోండి.

ప్రశ్న: ప్రతి సైడ్‌లో చివరి పాట గరగరలాడుతోంది.

జవాబు: బయటి అంచున గాడి ముల్లు కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్ల వేగంతో కదిలితే, లేబుల్ దగ్గర 21 మాత్రమే. అదే పాట తక్కువ చోటులో ఇరుక్కుంటుంది, గుండ్రటి ముల్లు ఆ సన్నటి మలుపుల్లోకి దూరలేదు. అలైన్‌మెంట్ చూసుకోండి, అంచు సన్నగా ఉండే ఎలిప్టికల్ లేదా షిబాటా రకం ముల్లు ప్రయత్నించండి. అప్పటికీ అదే రికార్డు గరగరలాడి కొత్తది శుభ్రంగా వినిపిస్తే, పాత ముల్లు ఆ గాడిని ఎప్పుడో గీసేసిందని అర్థం. దానికి మరో కాపీ వెతుక్కోవడమే.