బంతి రాని పరుగు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయ్,

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. జనవరిలో బెజవాడ పుస్తకాల పండగలో కవరు నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఫుట్‌బాల్ ఫార్వర్డ్ మీద, అదే ముందు వరసలో ఉండి గోల్ కొట్టేవాడి మీద రాశాను, తెలుగులో ఎవరైనా చదువుతారంటారా?" అని అడిగావు. చదువుతారు. ఆ టెన్షన్ పెట్టుకోకు. కృష్ణలంక కరకట్ట పక్కన పెరిగిన కుర్రాడు కలకత్తా క్లబ్బు దాకా వెళ్లాడంటే మనవాళ్లకు కావలసిన కథే అది. నన్ను ఇబ్బంది పెట్టింది వేరే సంగతి. నూట పది పేజీల్లో నీ కుర్రాడు పదిహేడు గోల్స్ కొట్టాడు. ఒక్కటంటే ఒక్కటి మిస్ చేయలేదు.

ఇరవై మూడో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: "బంతి తగలబోయే ముందు బూటులో కాలివేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి." అక్కడ కాగితాలు పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. టీవీ ముందు కూర్చున్నవాళ్లు రాయగలిగే వాక్యం కాదది. నువ్వెప్పుడో ఆడావు. ఎప్పుడు ఆడావో, ఎందుకు మానేశావో నేను అడగను. కానీ ఆ వాక్యం రాసిన చెయ్యి మిగతా పేజీల్లో ఎక్కడికి పోయిందో అడుగుతాను. మిగతాదంతా కామెంటరీలా ఉంది. "మెరుపులా దూసుకెళ్లాడు", "వల కదిలిపోయింది", "స్టేడియం దద్దరిల్లింది". ఈ మాటలు పేపర్లో రోజూ చూస్తున్నవే. నీవి కావు.

ఒక చిన్న లెక్క చెప్తాను. తొంభై నిమిషాల మ్యాచ్‌లో ఒక ఆటగాడి కాళ్ల దగ్గర బంతి ఉండేది, అంతా కలిపితే రెండు మూడు నిమిషాలు. ఫార్వర్డ్‌కు అంతకంటే తక్కువే ఉండొచ్చు. మరి మిగతా ఎనభై ఏడు నిమిషాలు అతనేం చేస్తున్నాడు? నీ నవల అక్కడ ఉంది. నువ్వు మూడు నిమిషాలు రాసి ఎనభై ఏడు వదిలేశావు.

ఈసారి లయోలా కాలేజీ గ్రౌండులోనో, ఇక్కడ ఏసీ కాలేజీ గ్రౌండులోనో, ఎక్కడ మ్యాచ్ ఉంటే అక్కడికి వెళ్లు. చిన్న మ్యాచ్ అయినా ఫరవాలేదు. గోల్ వెనక కూర్చో. ఒక్క ఫార్వర్డ్‌ను ఎంచుకుని ఆట అయిపోయేదాకా అతణ్ణే చూడు. బంతి ఎటు పోయినా చూడకు. మొదటి పది నిమిషాలు చాలా కష్టంగా ఉంటుంది, కళ్లు వాటంతట అవే బంతి వెనక పడతాయి. బలవంతంగా వెనక్కి తెచ్చుకో. నేను అలా రాసుకున్న నోటు పుస్తకం ఒకటి ఉంది. అందులోంచి కొంచెం:

"పన్నెండో నిమిషం. డిఫెండర్ వీపు వెనక్కి చేరాడు. పరుగు. బంతి రాలేదు. పద్నాలుగు. మళ్లీ పరుగు, ఈసారి బయటికి. రాలేదు. పదిహేను. నడుస్తున్నాడు, నడుం మీద చేతులు. డిఫెండర్ బంతి వైపు తల తిప్పగానే రెండడుగులు పక్కకు జరిగాడు. ఇరవై ఒకటి. పరుగు, డిఫెండర్ కూడా వెంట వెళ్లాడు, ఖాళీ అయిన చోటులోకి ఇంకొకడు వచ్చి షాట్ కొట్టాడు. చప్పట్లు ఆ రెండోవాడికి."

ఆ ఆఖరి మాట చూడు. ఆ ఖాళీ చేసిపెట్టినవాడి పేరు ఎవరూ పిలవలేదు. అతను తల వంచుకుని మేజోడు పైకి లాక్కున్నాడు. ఆ రోజు నలభై పైచిలుకు పరుగులు లెక్కపెట్టాను, బంతి అందింది ఆరుసార్లు. అయినా నలభై ఒకటో పరుగు కూడా మొదటిదంత నమ్మకంగా తీశాడు. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది, ఏ మ్యాచ్‌లో తగ్గుతుంది, ఎవరు ఏమంటే మళ్లీ పుంజుకుంటుంది? ఫార్వర్డ్ బతుకంతా దాని మీదే నడుస్తుందని నేను అనుకుంటాను. నీ కుర్రాడికి వరసగా తొమ్మిది మ్యాచులు గోల్ రాకుండా చెయ్యి. అప్పుడు ఇంటికి ఫోన్ చేస్తే ఏం మాట్లాడతాడో రాయి.

ఇక అరవై నాలుగో పేజీ. సెంటర్ లైను దాటకముందు, తన సగంలోనే ఉండి పాస్ అందుకున్న నీ హీరోకు, డిఫెండర్లను దాటి ముందే నిలబడ్డాడన్న తప్పు కింద, ఆఫ్‌సైడ్ ఇచ్చారు. సొంత సగంలో ఉన్నవాడికి ఆఫ్‌సైడ్ ఉండదమ్మా. ఇలాంటి తప్పే నేనూ చేశాను కాబట్టి నొక్కి చెప్తున్నాను. పాతికేళ్ల కిందట ఒక వారపత్రికలో నా కథ వచ్చింది. త్రో విసిరిన బంతిని ఫార్వర్డ్ గోల్ చేస్తాడు, లైన్స్‌మన్ జెండా ఎత్తుతాడు, దాంతో అతని జీవితమే మారిపోతుంది. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన కార్డు రాశారు. "త్రో నుంచి నేరుగా వచ్చిన బంతికి ఆఫ్‌సైడ్ లేదు. గోల్ కిక్‌కూ కార్నర్‌కూ కూడా లేదు. మీ కథలో ఆ పిల్లవాడికి అన్యాయం చేసింది రిఫరీ కాదు, మీరు." ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ కథను తర్వాత ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఎంత ఏడిపించినా, ఆ ఏడుపు తప్పుడు లెక్క మీద నిలబడింది.

పైగా ఆఫ్‌సైడ్‌ను ఒట్టి రూలు అనుకోకు. ఫార్వర్డ్ అనేవాడి ఆకారాన్నే అది తయారుచేసింది. 1925 దాకా, ముందుకు ఆడిన బంతి అందుకునేవాడికీ గోల్ లైనుకూ మధ్య ఎదుటి జట్టు వాళ్లు కనీసం ముగ్గురుండాలి. డిఫెండర్లు ఒక అడుగు ముందుకేసి ఉచ్చు పన్నడం బాగా నేర్చుకున్నారు, గోల్స్ తగ్గిపోయాయి. ఆ ఏడాది ముగ్గుర్ని ఇద్దరు చేశారు. ఒక్కసారిగా గోల్స్ పెరిగాయి. 1927-28 సీజన్‌లో ఎవర్టన్ సెంటర్ ఫార్వర్డ్ డిక్సీ డీన్ లీగ్‌లో 60 గోల్స్ కొట్టాడు, ఇంగ్లాండ్ టాప్ డివిజన్‌లో ఆ రికార్డు ఇవాళ్టికీ అలాగే ఉంది. ఇలాంటివాళ్లను ఆపడానికి జట్లు మధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి డిఫెన్స్ నడుమ నిలబెట్టాయి. 1990లో మళ్లీ మారింది, డిఫెండర్‌తో సమానంగా ఉంటే ఆఫ్‌సైడ్ కాదన్నారు. నీ కథ ఏ ఏడాదిలో నడుస్తోందో నువ్వెక్కడా చెప్పలేదు. పాఠకుడికి చెప్పకపోయినా సరే, నీకు తెలియాలి.

నిజమైన కెరీర్ ఎంత వంకరగా నడుస్తుందో చూడాలంటే మన దేశం ఫార్వర్డ్ సునీల్ ఛెత్రీని ముందు పెట్టుకో. 1984లో సికింద్రాబాద్‌లో పుట్టాడు, తండ్రి సైన్యంలో పనిచేసేవాడు, తల్లి నేపాల్ మహిళల జట్టుకు ఆడింది. 2005లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద దేశం తరఫున తొలి మ్యాచ్, అందులోనే గోల్. ఇంతవరకు నీ నవలలాగే ఉంది. 2009లో లండన్ క్లబ్ క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం కుదిరింది. బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు, కారణం ఫిఫా ర్యాంకుల్లో మన దేశం మొదటి 70లో లేకపోవడం. అతని కాళ్లలో లోపం లేదు, దేశం అంకె అడ్డం వచ్చింది. తర్వాత అమెరికాలో కాన్సాస్ సిటీ, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ రిజర్వు జట్టు, రెండు చోట్లా ఎక్కువ కాలం నిలవలేదు. ఆ ఏళ్ల మీద ఎవరూ పాట కట్టరు. నవల రాసేవాళ్లు మాత్రం అక్కడే మకాం వెయ్యాలి.

2018 జూన్‌లో ముంబైలో చైనీస్ తైపీ మీద హ్యాట్రిక్ కొట్టాడు. చూడటానికి వచ్చింది రెండున్నర వేల మంది. మర్నాడు వీడియో పెట్టి, తిట్టడానికైనా రండి, కానీ స్టేడియానికి రండి అన్నట్టుగా వేడుకున్నాడు. కెన్యాతో తర్వాతి మ్యాచ్‌కు స్టేడియం నిండిపోయింది. అది అతని నూరో మ్యాచ్. రెండు గోల్స్ కొట్టాడు. 2024 జూన్ 6న కలకత్తా సాల్ట్‌లేక్‌లో కువైట్‌తో ఆఖరి మ్యాచ్ అని ముందే చెప్పాడు, జనం పోటెత్తారు. ఒక్క గోల్ కూడా రాలేదు, సున్నా-సున్నా. 94 గోల్స్ కొట్టినవాడు ఒక్కటీ లేకుండా కళ్లు తుడుచుకుంటూ బయటికి నడిచాడు. అక్కడితో ముగిసిందా అంటే లేదు. 2025 మార్చిలో, నలభై ఏళ్ల వయసులో, మళ్లీ జట్టులోకి వచ్చి షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద గోల్ కొట్టాడు. ఇదంతా నవలగా తెచ్చుంటే "ముగింపు కుదరలేదమ్మా" అని నేనే అనేవాణ్ణి. జరిగింది కాబట్టి నోరు మూసుకుని నేర్చుకుంటున్నాను. నీ ఆఖరి అధ్యాయంలో ఇంజురీ టైమ్ గోల్ ఉంది కదా, దాన్ని ఒకసారి తీసేసి చూడు.

"గోల్ కొట్టడానికే పుట్టాడు" అనే మాట నీ ప్రతిలో మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ కొట్టెయ్యి. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో జర్నైల్ సింగ్ అని మన డిఫెండర్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, మన హైదరాబాదాయన, అతణ్ణి ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, ఒక గోల్ పీకే బెనర్జీది, రెండోది జర్నైల్‌ది. ఫార్వర్డ్ అంటే ఎవరో నిన్ను నిలబెట్టిన చోటు కూడా అవుతుంది. అదే జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వెళ్లిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్ కొట్టినవాడు. ముప్పై దాటకముందే ఊపిరితిత్తుల జబ్బు ఆట మాన్పించింది. 2023లో పోయాడు. ఆట ఆగాక దాదాపు అరవై ఏళ్లు బతికాడు. ఆ అరవై ఏళ్ల గురించి మన భాషలో రాసినవాళ్లు నాకు కనపడలేదు. ఆ మాట తలచుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది.

శరీరం గురించి కూడా చెప్పాలి. డచ్ ఫార్వర్డ్ మార్కో వాన్ బాస్టెన్ ఆఖరి మ్యాచ్ 1993లో ఆడాడు, అప్పటికి వయసు 28. చీలమండ మళ్లీ కుదురుకోలేదు. రెండేళ్లు ప్రయత్నించి 1995లో ఇక ఆడనని చెప్పేశాడు. నీ కుర్రాడి ఒంట్లో నొప్పి ఎక్కడుంది? పొద్దున మంచం దిగగానే ఏ కాలు ముందు నేల మీద పెడతాడు? ఇరవై మూడో పేజీ రాసిన నీకు ఇది కష్టం కాదు.

డబ్బు సంగతి నువ్వు తాకనే లేదు. ఒప్పందం ఎన్నాళ్లకు? గాయమైతే జీతం వస్తుందా? ఏజెంటు ఎంత తీసుకుంటాడు? మన ఇండియన్ సూపర్ లీగ్ ఐఎస్ఎల్‌లో చాలా క్లబ్బులు నడిమి స్ట్రైకర్ స్థానం విదేశీ ఆటగాడికి ఇస్తూ వచ్చాయి, మన కుర్రాళ్లను వింగ్ మీదకు జరుపుతారు, లేదంటే బెంచీ. నీ హీరోకు ఆ పరిస్థితి ఎప్పుడూ ఎదురుకాలేదెందుకు? అన్నిటికంటే ముఖ్యం, బెజవాడ ఇంట్లో పిల్లాడు బంతి ఆడతానంటే తండ్రి మొదట అడిగే ప్రశ్న నీ నవలలో లేదు. "స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం వస్తుందా?" జంక్షన్ ఉన్న ఊరు మనది. ఆ ప్రశ్నలో ప్రేమ ఉంది, భయం ఉంది, రెండో తేదీకి కట్టాల్సిన ఇంటద్దె ఉంది. నీ నవలలో తండ్రి కొడుకుని కౌగిలించుకుని "వెళ్లు, గెలిచి రా" అంటాడు. అలా అన్న తండ్రిని కృష్ణలంకలో నేను చూడలేదు.

ఒక్క మాట అడగొచ్చో లేదో. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ క్లబ్బుకు ఆడింది. ఆమె కూడా ఫార్వర్డే. అబ్బాయి కథే రాయాలని నువ్వెందుకు అనుకున్నావో ఆలోచించు. జవాబు నాకు చెప్పనక్కర్లేదు. అబ్బాయే కావాలంటే అబ్బాయే ఉండనీ.

నోటు పుస్తకం ఈ ఉత్తరంతో పాటు కొరియర్‌లో పంపుతున్నాను. ఏడో పేజీ నుంచి చూడు, ముందున్నవి కూరగాయల లెక్కలు. వచ్చే నెల రెండో ఆదివారం బెజవాడ వస్తాను, పదకొండు గంటలకు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల దగ్గర ఉంటాను. మొత్తం తిరగరాయక్కర్లేదు. అరవై నాలుగో పేజీ సరిచేసి, ఆ తొమ్మిది మ్యాచుల తర్వాత ఇంటికి చేసిన ఫోన్ కాల్ రాసి తీసుకురా.

ఆశీస్సులతో,
మాస్టారు