సుందరయ్య గారి మీద రాస్తున్న మేనకోడలికి

అమ్మడూ,

నీ థీసిస్ మొదటి అధ్యాయం చదివాను. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారంటే నీకున్న గౌరవం పేజీ పేజీలోనూ కనిపిస్తోంది. కానీ ఆయన పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లడం గురించి మూడు పేజీలు రాసి, స్టాండు వేసి లోపలికెళ్లాక ఏం మాట్లాడారో అరపేజీలో తేల్చేశావు. సైకిల్ సంగతి అందరికీ తెలిసిందే. నువ్వు రాయాల్సింది ఆ అరపేజీని.

1952లో ఆయన మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యసభకు వెళ్లారు, అక్కడ కమ్యూనిస్టుల నాయకుడిగా ఉన్నారు. రాజ్యసభ అనే పేరు వచ్చింది 1954 ఆగస్టులో. అంతకుముందు చర్చలు 'కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్' పేరు మీద ఉంటాయి. వెతికేటప్పుడు ఆయన పేరును ఇంగ్లిషులో రెండు మూడు స్పెల్లింగులతో కొట్టి చూడు. ప్రసంగాల కంటే ముందు ప్రశ్నోత్తరాలు చదువు. రాతపూర్వకంగా ఇచ్చిన ప్రశ్న ఎవరైనా తయారుచేసి పెట్టగలరు. మంత్రి జవాబు చెప్పగానే లేచి వేసే అనుబంధ ప్రశ్న, సప్లిమెంటరీ ఉంది చూశావా, అది మాత్రం విషయం తెలిసినవాడే వేయగలడు. మనిషి పట్టు తెలిసేది అక్కడే.

1955 దగ్గర తొందరపడకు. ఆంధ్ర రాష్ట్రంలో ఆ మధ్యంతర ఎన్నికల్లో కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు మాత్రం 196లో 15. 'ఘోర పరాజయం' అని ఒక్క మాటలో రాసేశావు. ఓట్లూ సీట్లూ పక్కపక్కన పెట్టి మళ్లీ రాయి. గన్నవరంలో ఆయన గెలిచారు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన మనిషి కృష్ణా జిల్లాలో ఎందుకు నిలబడ్డారో నీ అధ్యాయంలో ఎక్కడా లేదు. నేనైతే మొదట అడిగే ప్రశ్న అదే.

1957లో గన్నవరం ఫలితం దొరకలేదని టెన్షన్ పడ్డావట. దొరకదు. ఆ ఏడాది శాసనసభ ఎన్నికలు తెలంగాణ ప్రాంతానికే జరిగాయి. 1955లో గెలిచిన ఆంధ్ర సభ్యులు 1962 వరకు కొనసాగారు.

ఇంకొకటి. చర్చల్లో పేరు కనిపించకపోతే 'మౌనంగా ఉన్నారు' అని రాయొద్దు. 1964లో పార్టీ చీలి ఆయన సీపీఎం ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ డిసెంబరు చివర్లో దేశమంతా ఆ పార్టీ నేతలను అరెస్టు చేశారు. కాబట్టి సభ తేదీల పక్కన జైలు తేదీలూ, అనారోగ్యం కాలమూ వేసుకో. పార్టీ కాగితాల కోసం హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీకి వెళ్లు. ఆయన సొంత రచనలూ చదువు, కానీ తేదీల దగ్గర వాటినొక్కదాన్నే నమ్ముకోకు.

వీటన్నిటికంటే ముందు గన్నవరం వెళ్లు. అప్పట్లో ఓటు వయసు 21. 1955లో ఆయనకు ఓటేసినవాళ్లు ఎవరైనా ఉంటే తొంభై దాటేసి ఉంటారు. 1978లో ఆయన మళ్లీ అక్కడే గెలిచిన సంగతి గుర్తున్నవాళ్లు ఇంకా దొరుకుతారు. పొగడ్తలు చెప్పించుకోకు. మీ ఊరి పని మీద వెళ్తే ఆయన ఏమన్నారు, ఏ కాగితం రాయించారు, పని అయిందా లేదా అని అడుగు. ఆయనకు వ్యతిరేకంగా ఓటేసినవాళ్లనూ వదలకు. చర్చల సంపుటాలు ఎప్పుడైనా చదువుకోవచ్చు, ఈ వేసవికి ముందు ఆ ఊళ్లు తిరిగి రా.

ఆశీస్సులతో,
మామయ్య