సైన్స్ సెంటర్‌లో పిల్లలకు చెప్పే ఉద్యోగం: బి.ఎడ్. ముందా, మ్యూజియం ముందా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా అమ్మాయి ప్లస్ త్రీ (డిగ్రీ) ఫిజిక్స్ ఆఖరి సంవత్సరంలో ఉంది. కాలేజీ టూరులో భువనేశ్వర్ సైన్స్ సెంటర్ చూసొచ్చినప్పటి నుంచి, అక్కడ పిల్లలకు ప్రయోగాలు చేసి చూపించే పనే కావాలంటోంది. మేమేమో బి.ఎడ్. చేసి టీచరు పోస్టు చూసుకోమంటున్నాం. అసలు అదొక ఉద్యోగమేనా? అందులో స్థిరపడొచ్చా? – ఒక తండ్రి

జవాబు: ఉద్యోగమేనండీ, అనుమానం అక్కర్లేదు. చిక్కంతా పర్మనెంటు పోస్టుల దగ్గరే. అవి బాగా తక్కువ, ఎప్పుడు పడతాయో చెప్పలేం. అందుకని బి.ఎడ్. మానెయ్యమని మేం చెప్పం. అలాగని అమ్మాయి కోరికను పక్కన పెట్టమనీ చెప్పం. రెండూ కలిసి నడిచే దారి ఉంది.

ఆచార్య విహార్‌లోని ఆ సెంటరు జాతీయ సైన్స్ మ్యూజియంల మండలిది. 1978లో ఏర్పడిన ఈ మండలి కేంద్ర సాంస్కృతిక శాఖ కింద కోల్‌కతా నుంచి నడుస్తుంది. తిరుపతి, నాగ్‌పూర్ సెంటర్లు కూడా దానివే. అక్కడ పిల్లలతో పనిచేసే రెగ్యులర్ పోస్టును ఎడ్యుకేషన్ అసిస్టెంట్ అంటారు. సైన్సు డిగ్రీ కావాలి, ఫిజిక్స్ ఉంటే కలిసొస్తుంది. అంతకు ముందు మెట్టుగా స్టైపెండు మీద కొంతకాలం ఉండే ట్రెయినీ అవకాశాలు పడతాయి. మండలి వెబ్‌సైటు, ఆయా సెంటర్ల వెబ్‌సైట్లు, ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ క్రమం తప్పకుండా చూస్తుండాలి. ప్రకటనలో సబ్జెక్టుల కలయిక, వయసు లెక్కవేసే తేదీ ముందు చదవండి. దరఖాస్తులు ఎక్కువగా తిరిగొచ్చేది వాటి దగ్గరే.

ప్రభుత్వం బయట కూడా దారులున్నాయి. కుప్పం దగ్గర క్యాంపస్ ఉన్న అగస్త్య ఫౌండేషన్ వంటి సంస్థలు వ్యాన్లలో సైన్సు సామాను వేసుకుని బడులకు తిరుగుతాయి. ముంబైలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయం 2019లో పిల్లల మ్యూజియం తెరిచింది. అలాంటి చోట్ల ఫిజిక్స్ కన్నా కథ చెప్పడం, బొమ్మలు చేయించడం వచ్చినవాళ్లకు మొగ్గు.

ఇంటర్వ్యూలో మార్కుల జాబితా చూశాక సాధారణంగా అడిగేది, ‘అయిదు నిమిషాల్లో ఏదైనా చేసి చూపించండి’ అని. చాలామంది తడబడేది అక్కడే. అందరికీ తెలిసిన కొవ్వొత్తి ప్రయోగమే తీసుకోండి. పళ్లెంలో వేలి మందాన నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తే నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ‘ఆక్సిజన్ కాలిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లొచ్చాయి’ అని నూటికి తొంభై మంది చెప్పేస్తారు. అది తప్పు. జాగ్రత్తగా చూడమనండి: మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు, ఆరగానే ఒక్కసారిగా ఎగబాకుతాయి. గ్లాసు దించేటప్పుడు అంచు కింద నుంచి బుడగలు కూడా పోతాయి. అంటే వేడికి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోయింది, మంట ఆరాక మిగిలింది చల్లబడి సంకోచించింది, కాలినప్పుడు పుట్టిన ఆవిరి కూడా నీరైంది. ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఇంకా పైకెక్కుతాయి. గ్లాసులోని ఆక్సిజన్ అంతేగా, మరి ఎందుకలా? ఈ చివరి ప్రశ్నను పిల్లల చేత అడిగించగలిగితే ఆ అమ్మాయికి పని వచ్చినట్టే.

సామాను దగ్గరా తేడా వస్తుంది. గ్లాసు అంచు కింద రెండు రూపాయి బిళ్లలు పెట్టకపోతే అది పళ్లేనికి అతుక్కుపోయి నీళ్లు సరిగ్గా లోపలికి వెళ్లవు. నీళ్లలో ఒక చుక్క సిరా వెయ్యకపోతే వెనక వరసలోని పిల్లలకు ఏమీ కనబడదు. ఫ్యాను ఆపడం మరిచిపోతే మొదట్లోనే నవ్వులు. ఇలాంటివి పది ప్రయోగాలు, వంటింటి సామానుతో అయ్యేవి, తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పగలిగేలా ఇప్పటి నుంచే తయారు చేసుకోమనండి. ఇంటి చుట్టుపక్కల ఆరో తరగతి పిల్లల్ని ఆదివారం పోగుచేసి చూపిస్తే చాలు. ప్రశ్న వేశాక మూడు సెకన్లయినా నోరు మూసుకుని ఆగడం అన్నింటికన్నా కష్టమైన సాధన. టీచర్లకు సహజంగా ఒక సెకను మించి ఓపిక ఉండదు. ఆగితే జవాబులు పెద్దవవుతాయి, వెనక కూర్చున్న పిల్లలూ నోరు విప్పుతారు.

భాష విషయంలో మీ జిల్లా పిల్లలది పైచేయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర మాట నాలుగు ముక్కలు. ఊరూరా తిరిగే మొబైల్ సైన్స్ బస్సుకు ఇలాంటివాళ్లు దొరకడం అరుదు. ఈ బస్సుల పద్ధతి కోల్‌కతాలో 1965లోనే మొదలైంది. ఒడిశా రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు మాత్రం బడిలో ఒడియా పాసైనట్టు కాగితం చూపాలి. తెలుగు మీడియంలో చదివి ఉంటే ఇప్పుడే చూసుకోండి.

బి.ఎడ్. చేస్తే ఓఎస్‌ఎస్‌టెట్ (ఒడిశా హైస్కూలు టీచర్ల అర్హత పరీక్ష) రాసి హైస్కూలు పోస్టుకు పోటీపడొచ్చు, సైన్స్ సెంటర్ దరఖాస్తులోనూ అది బలమే. డిగ్రీ అయ్యాక బి.ఎడ్.లో చేరి, సెలవుల్లో వాలంటీరుగానో ఇంటర్న్‌గానో తీసుకుంటారేమో సెంటరుకు ఉత్తరం రాసి అడగండి. బి.ఎడ్. పూర్తయ్యేనాటికి ట్రెయినీ ప్రకటన పడితే వెళ్లనివ్వండి. పర్మనెంటు పోస్టు మాత్రమే కావాలని కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి.

తండ్రిగా మీరు ముందే తెలుసుకోవలసినవి కొన్ని. ఆదివారాలు, పండగ సెలవులే ఇక్కడ రద్దీ రోజులు, మనింట్లో పండగ పూట అమ్మాయి డ్యూటీలో ఉండొచ్చు. రోజంతా నిలబడాలి. బస్సు దిగి యాభై మంది ఒక్కసారే లోపలికొస్తే గొంతు చించుకోవలసిందే, అలా అరిచి గొంతు పోగొట్టుకున్నవాళ్లు ఈ పనిలో బోలెడుమంది. మొబైల్ బస్సు డ్యూటీ అయితే వారాల తరబడి ఊళ్లు పట్టుకు తిరగాలి. చేరేముందు బస ఎవరు ఏర్పాటు చేస్తారు, జట్టులో ఇంకో మహిళ ఉంటారా, టూరు భత్యం విడిగా ఇస్తారా, ట్రెయినీ కాలం అయ్యాక అనుభవ పత్రం ఇస్తారా అన్నది రాతపూర్వకంగా అడగండి.